ప్రధానసంఖ్యయు దాని వ్రాతయు

గణితశాస్త్రమున సంఖ్య వేఱు, ఆ సంఖ్యను వ్రాయు అంకెలు వేఱు. ఈ భేదము మిక్కిలి స్వల్పముగా గన్పట్టును. కాని దీనిని గుర్తింపకపోవుటచేతనే పెక్కుమంది విద్యార్థులు కొన్ని సూత్రములను కంఠస్థము చేసి, అవి యేల నిజమగునో యెఱుగక, అవి చెల్లని తావులందు గూడ వానిని వాడుచుందురు. "ఒకట్ల స్థానమున 5 ఉన్న సంఖ్య 5చేత భాగింపబడును" అను సూత్రమును చిన్న తరగతులలోనే మనము నేర్చుకొందుము. ఇది 5 అను సంఖ్య యొక్క గుణమా, లేక మనము వ్రాయు పద్ధతి యొక్క గుణమా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలిగిన విద్యార్థికి అంకగణితము కంఠస్థ విద్యగా నుండక, ఆలోచనా విద్యయగును. కావున ఈ వ్యాసమున ప్రధానసంఖ్యలను ఉదాహరణముగా గైకొని, వానిని వేర్వేఱు ఆధారములతో వ్రాసినపుడు ఏ గుణములు మాఱునో, ఏవి మాఱవో విచారింతము.

ప్రధానసంఖ్య యననేమి?

1 కంటె పెద్దదై, 1చేతను తనచేతను తప్ప మఱి యే సంఖ్యచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యకు ప్రధానసంఖ్య యని పేరు. 2, 3, 5, 7, 11, 13, 17, 19 మొదలగునవి ప్రధానసంఖ్యలు. 4, 6, 8, 9, 10 మొదలగునవి సంయుక్తసంఖ్యలు. ప్రధానసంఖ్యలకు అంతము లేదని క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతముననే యూక్లిడ్ అను గ్రీకు పండితుడు నిరూపించెను.

పదునేడు చింతగింజలను తీసికొని, ప్రతి వరుసలోను సమానముగా నుండునట్లు పెక్కు వరుసలుగా పేర్చుటకు యత్నింపుడు. రెండేసి పేర్చిన ఒకటి మిగులును; మూడేసి పేర్చిన రెండు మిగులును; నాలుగేసి పేర్చిన మరల ఒకటి మిగులును. ఎట్లు పేర్చినను మిగులు లేకుండ కుదురదు. ఒకే పొడవైన వరుసగా పేర్చుటయో, వరుసకొక గింజను పెట్టుటయో తప్ప మార్గాంతరము లేదు. పదునేడు ప్రధానసంఖ్య యనుటకు ఇదియే యర్థము. ఈ పరీక్షలో మనము ఒక్క అంకెనైనను వ్రాయలేదని చదువరులు గమనింతురుగాక. గింజలకు మన లిపి తెలియదు.

ఆధారము యొక్క స్వరూపము

ఇప్పుడా పదునేడు గింజలనే కట్టలు కట్టుదము. పదేసి కట్టిన ఒక కట్టయు ఏడు విడిగింజలును వచ్చును. కావున 17 అని వ్రాయుదుము. ఇందు కట్టకు పది గింజలు గనుక, ఈ పద్ధతికి ఆధారము పది. ఆఱేసి కట్టిన రెండు కట్టలును అయిదు విడిగింజలును వచ్చును. ఆఱు ఆధారముగా దానిని 25 అని వ్రాయవలెను. అయిదు ఆధారముగా అదియే 32. ఎనిమిది ఆధారముగా 21. నాలుగు ఆధారమైనచో నాలుగు కట్టలను చేర్చి పదునాఱు గింజల పెద్ద మూట యొకటి కట్టుదుము, అప్పుడు ఒక మూట, విడికట్టలు లేవు, ఒక విడిగింజ, కావున 101. రెండు ఆధారమైనచో 10001.

మన మామూలు పద్ధతిలో 25, 32, 21 అనునవి సంయుక్తసంఖ్యలు. పది ఆధారముగా చదివిన 10001 సహితము 73ను 137చేత గుణింపగా వచ్చునదే. కాని ఈ వ్రాతలన్నియు ఇచ్చట ఆ పదునేడు గింజలనే సూచించుచున్నవి. వ్రాత మాఱినంత మాత్రమున గింజలు సమానమైన వరుసలుగా నిలువబోవు. ప్రధానత్వము సంఖ్యకు స్వభావము. అంకెలు దానికి వస్త్రములు.

ఇట్టి వేర్వేఱు ఆధారములు మన దేశమునకు క్రొత్తవి కావు. 1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు అమలులోనికి వచ్చువఱకు రూపాయికి 16 అణాలును, అణాకు 12 పైలును చెల్లుచుండెను. అనగా రూపాయికి 192 పైలు. 193 పైలున్నవానిని అడిగిన, "రూపాయిమీద ఒక పై" యని చెప్పును. 193 ప్రధానసంఖ్యయే. అణాల లెక్కలో దానిని 1–0–1 అని వ్రాసినను, పైల లెక్కలో 193 అని వ్రాసినను, దానిని సమానముగా పంచుకొనగోరిన ఇద్దఱికి గాని, ముగ్గురికి గాని ఆ యొక్క పై యడ్డము వచ్చుచునే యుండును.

ఒక సంఖ్యను క్రొత్త ఆధారమునకు మార్చు విధము సులభము. ఆ సంఖ్యను ఆధారముచేత భాగించి శేషమును గుర్తించుకొని, లబ్ధమును మరల భాగించుచు, లబ్ధము సున్న యగువఱకు పోయి, శేషములను తుదినుండి మొదటికి వ్రాయవలెను. 193ను ఆఱుచేత భాగింపగా లబ్ధము 32, శేషము 1. 32ను భాగింపగా లబ్ధము 5, శేషము 2. 5ను భాగింపగా లబ్ధము సున్న, శేషము 5. కావున ఆఱు ఆధారముగా 193 యొక్క వ్రాత 521. సరిచూచుటకు: 5×36 + 2×6 + 1 = 193. ఇట్లే పండ్రెండు ఆధారముగా 141; రెండు ఆధారముగా 11000001. పదికి మించిన ఆధారములకు పది, పదునొకటి మొదలగు అంకెలకు క్రొత్త గుర్తులు కల్పించుకొనవలసి యుండును. ఏ ప్రధానసంఖ్యయైనను తానే ఆధారమైనపుడు 10 అని వ్రాయబడుననియు, తనకంటె పెద్ద ఆధారమున ఒంటి అంకెగా నుండుననియు చదువరులు తామే గ్రహింపగలరు.

తుది అంకె చెప్పు సాక్ష్యము

పది ఆధారమైనపుడు 5 కంటె పెద్దవగు ప్రధానసంఖ్యలు 1, 3, 7, 9 అను అంకెలలో ఒకదానితోనే ముగియును. ఇందుకు కారణమేమి? తుది అంకెను విడిచిన తక్కిన భాగమంతయు పదికి గుణిజము. పదికి 2, 5 అను కారణాంకములు గలవు. తుది అంకె 2చేత గాని 5చేత గాని భాగింపబడెనేని, సంఖ్య యంతయు భాగింపబడును. ఈ తర్కమున పదికి ప్రత్యేకమైన మహిమ యేదియు లేదు. ఏ ఆధారమైనను, తుది అంకెకును ఆధారమునకును 1 కంటె పెద్దదగు సామాన్య భాజకమున్నచో, ఆ భాజకము సంఖ్యను గూడ భాగించును.

ఈ సూత్రమును ఆఱు ఆధారమునకు వర్తింపజేయుదము. ఆఱునకు కారణాంకములు 2, 3. తుది అంకె 0, 2, 3, 4లలో నేదియైనను సంఖ్య 2చేత గాని 3చేత గాని భాగింపబడును. కావున 3 కంటె పెద్దవగు ప్రధానసంఖ్యలన్నియు 1తో గాని 5తో గాని ముగియవలెను. 5, 7, 11, 13, 17, 19, 23 అనువానిని ఆఱు ఆధారముగా వ్రాసిన 5, 11, 15, 21, 25, 31, 35 అగును. మొదట మనము చెప్పుకొన్న ప్రశ్నకు ఇచ్చట సమాధానము దొరకినది. 5తో ముగియు సంఖ్య 5చేత భాగింపబడుననుట పది ఆధారమునకు చెల్లును, ఆఱు ఆధారమునకు చెల్లదు. ఆఱు ఆధారమున 5 అను తుది అంకె ప్రధానసంఖ్యలకు గౌరవస్థానము.

రెండు భేదముతో నుండు ప్రధానసంఖ్యల జంటలను కవల ప్రధానసంఖ్యలందురు. 3, 5 అను మొదటి జంటను విడిచినచో, ఆఱు ఆధారమున ప్రతి జంటలోను చిన్నది 5తోను పెద్దది 1తోను ముగియుట కన్నులకు గట్టినట్లు కనబడును. 11, 13 అనునవి 15, 21. 29, 31 అనునవి 45, 51. 41, 43 అనునవి 105, 111. పది ఆధారమున మఱుగుపడియున్న క్రమము ఇచ్చట బయటపడినది.

కాని ఒక హెచ్చరిక యవసరము. 1తోను 5తోను ముగిసినవన్నియు ప్రధానసంఖ్యలని భ్రమింపరాదు. ఆఱు ఆధారమున 41 అనగా ఇరువది యయిదు. 55 అనగా ముప్పది యయిదు. తుది అంకె కొందఱిని ద్వారమువద్దనే తిప్పి పంపును. లోపలికి వచ్చినవారందఱును యోగ్యులని మాత్రము చెప్పదు. అయినను అనుమతింపబడిన ప్రతి తుది అంకెకును ప్రధానసంఖ్యలు అనంతముగా నున్నవని 1837లో డిరిక్లె అను జర్మను గణితశాస్త్రజ్ఞుడు నిరూపించెను. ఈ సిద్ధాంతము పదికి మాత్రమే గాక సకలాధారములకును చెల్లును.

ఇరువది నాలుగు ఆధారముగా గైకొన్నచో ఇంకొక వింత గలదు. 3 కంటె పెద్దదగు ఏ ప్రధానసంఖ్య యొక్క వర్గమైనను 1తోనే ముగియును. 25 అనగా 24 + 1. 49 అనగా రెండు 24లు + 1. 121 అనగా అయిదు 24లు + 1. 169 అనగా ఏడు 24లు + 1. కారణము వినుడు. ప్రధానసంఖ్య వర్గమునుండి 1 తీసివేసినచో, దానికి ముందున్న సంఖ్యకును వెనుకనున్న సంఖ్యకును గల లబ్ధము వచ్చును. ప్రధానసంఖ్య బేసి గనుక ఆ రెండును సరిసంఖ్యలు; వరుసగా వచ్చు రెండు సరిసంఖ్యలలో ఒకటి 4చేత భాగింపబడును గనుక లబ్ధము 8చేత భాగింపబడును. వరుసగా వచ్చు మూడు సంఖ్యలలో ఒకటి 3చేత భాగింపబడితీరవలెను. అది మన ప్రధానసంఖ్య కాజాలదు గనుక ప్రక్కనున్న వానిలో నొకటి కావలెను. కావున లబ్ధము 24చేత భాగింపబడును. ఈ సత్యము ఆధారముపై నాధారపడినది కాదు. ఆధారము దానిని చూపు అద్దము మాత్రమే.

అంకెల మొత్తము

అంకెలను కూడి 9చేత భాగించి చూచు పరీక్ష మన బడులలో సుప్రసిద్ధము. 10, 100, 1000 మొదలగునవి యన్నియు 9 యొక్క గుణిజములకంటె ఒకటి యెక్కువ. ఆ కారణముచేతనే ఈ పరీక్ష నెగ్గుచున్నది. ఏడు ఆధారమున 7, 49, 343 అనునవి 6 యొక్క గుణిజములకంటె ఒకటి యెక్కువ. కావున అచ్చట అంకెల మొత్తము 6నకును, దాని కారణాంకములగు 2, 3లకును పరీక్షగా నిలుచును.

దీనినుండి ఒక వినోదము పుట్టుచున్నది. ఆధారము బేసిసంఖ్యయైనపుడు తుది అంకెను చూచి సరి బేసి నిర్ణయింపరాదు. ఏడు ఆధారమున 13 అనగా పది. బేసి అంకెతో ముగిసినను అది సరిసంఖ్య. 12 అనగా తొమ్మిది, అది బేసిసంఖ్య. అచ్చట అంకెలనన్నిటిని కూడి చూడవలెను. కావున బేసి ఆధారమున 2 తప్ప తక్కిన ప్రధానసంఖ్యల అంకెల మొత్తము ఎల్లప్పుడును బేసియే యగును. మూడు ఆధారముగా 5, 7, 11, 13, 17 అనునవి 12, 21, 102, 111, 122. వీని అంకెల మొత్తములు 3, 3, 3, 3, 5.

ఎటునుండి చదివినను ఒక్కటిగా నుండు సంఖ్యలను గూర్చియు ఇట్టి నియమమే కలదు. పది ఆధారమున 11నకు పరీక్ష చేయునపుడు, ఒకటి విడిచి ఒకటిగా అంకెలను కూడి, రెండు మొత్తముల భేదమును చూతుము. ఏ ఆధారమునందైనను ఆధారముకంటె ఒకటి యెక్కువైన సంఖ్యకు ఇదియే పరీక్ష. ఎటునుండి చదివినను ఒకటిగా నుండు సంఖ్యలో అంకెల లెక్క సరియైనపుడు, ప్రతి అంకెయు ఒకసారి బేసిస్థానమునను ఒకసారి సరిస్థానమునను వచ్చును గనుక భేదము సున్న యగును. కావున అట్టి సంఖ్య తప్పక భాగింపబడును. రెండు ఆధారమున 1001, 1111, 100001, 110011 అనగా 9, 15, 33, 51. అన్నియు 3 యొక్క గుణిజములే. ఇట్టివానిలో ప్రధానసంఖ్య కాదగినది 11 అను వ్రాత యొక్కటియే. అదియు ఆధారముకంటె ఒకటి యెక్కువైనది ప్రధానసంఖ్యయైనపుడు మాత్రమే.

భిన్నములలో ఆధారము యొక్క ప్రభావము

పూర్వపు రూపాయిని ముగ్గురికి పంచిన ఒక్కొక్కరికి అయిదణాల నాలుగు పైలు సరిగా వచ్చుచుండెను. ఏలయనగా 192నకు 3 కారణాంకము. నూఱు పైసల రూపాయిని ముగ్గురికి పంచిన ఒక్కొక్కరికి 33 పైసలు వచ్చి, ఒక పైస మిగులును. కాని ఆ రూపాయిని అయిదుగురికి పంచిన ఒక్కొక్కరికి 20 పైసలు సరిగా వచ్చును. పూర్వపు రూపాయి అట్లు చీలదు. ఏ ప్రధానసంఖ్య ఆధారమునకు కారణాంకమో, దానిచే 1ని భాగింపగా వచ్చు భిన్నము ముగియును. కానిచో అంతులేక ఆవర్తించును.

తెలుగువారి పూర్వపు లెక్కలలో ఒకటికి లోపలి భాగములకు నాలుగు ఆధారముగా నుండెను. ఒకటిలో నాలుగవ వంతు కాలు. అందులో నాలుగవ వంతు, అనగా పదునాఱవ వంతు, వీసము. అందులో నాలుగవ వంతు, అనగా అఱువది నాలుగవ వంతు, కాని. ఈ భాగములకు ప్రత్యేకమైన గుర్తులును గలవు. 2008లో అవి కంప్యూటరు లిపుల కొఱకైన యూనికోడ్ పట్టికలోనికి చేఱినవి. ఈ పద్ధతిలో మూడవ వంతును వ్రాయబూనినచో ఒక కాలు, ఒక వీసము, ఒక కాని, ఇట్లు ప్రతి స్థానమునను ఒక్కొక్కటి చొప్పున అంతులేక వచ్చును. అయిదవ వంతునకు కాలు లేదు, మూడు వీసములు, కాని లేదు, దాని క్రింద మరల మూడు. ఇట్లు సున్నయు మూడును మాఱిమాఱి వచ్చుచుండును.

ఆవర్తించు అంకెల లెక్కను ఆధారమే నిర్ణయించును. పది ఆధారమున ఏడవ వంతు 0.142857142857...; ఆవర్తనమున ఆఱు అంకెలు. రెండు ఆధారమున అదియే 0.001001...; మూడు అంకెలు. ఆఱు ఆధారమున 0.0505...; రెండు అంకెలు. ఎనిమిది ఆధారమున 0.111...; ఒకే అంకె. ఏడు ఆధారమున 0.1 అని ముగిసిపోవును. 7చేత భాగించునపుడు వచ్చు శేషములు 1 మొదలు 6 వఱకు మాత్రమే గనుక ఆవర్తనము ఆఱంకెలకు మించదు. అంతేగాక అది 6నకు కారణాంకమే కావలెను. 6, 3, 2, 1 అనునవి యన్నియు అట్టివే యగుట చూడుడు. ఏ ప్రధానసంఖ్యకైనను ఆవర్తనపు పొడవు, దానికంటె ఒకటి తక్కువైన సంఖ్యకు కారణాంకమై యుండును. ఫ్రాన్సు దేశమున న్యాయాధికారియై యుండి, తీఱిక వేళల గణితమును సాధన చేసిన ఫెర్మా 1640లో తెలిపిన సూత్రము దీనికి మూలము. ఆధారము మాఱిన పొడవు మాఱును, కాని ఈ నియమము మాఱదు.

పది ఆధారమున 7, 17, 19, 23 మొదలగువాని ఆవర్తనము వీలైనంత పొడవుగా, అనగా 6, 16, 18, 22 అంకెలతో నుండును. ఇట్టి ప్రధానసంఖ్యలు అనంతముగా నున్నవని 1927లో ఆర్టిన్ అను పండితుడు ఊహించెను. పది ఆధారమునకు ఇది యింకను నిరూపింపబడలేదు. 2, 3, 5 అను మూడు ఆధారములలో కనీసము ఒకదానికైనను ఈ యూహ నిజమని 1986లో హీత్ బ్రౌన్ చూపెను. అది వానిలో నేదియో నిర్ణయించి చెప్పుట మాత్రము సాధ్యము కాలేదు.

ఒకట్ల వరుసలు

1 అను అంకెనే వరుసగా వ్రాసిన సంఖ్యలు మిక్కిలి రమ్యములు. ఆఱు ఒకట్లు గల 111111 అను వ్రాత 11×10101 అనియు, 111×1001 అనియు చూపవచ్చును. ఈ గుణకారములలో ఒక స్థానమునుండి పై స్థానమునకు దాటవలసిన అంకె యెచ్చటను లేదు గనుక, ఇవి సకలాధారములలోను నిజములే. కావున ఒకట్ల లెక్క సంయుక్తమైనచో ఆ సంఖ్యయు సంయుక్తమే. ప్రధానసంఖ్య కాగోరు వరుసలో ఒకట్ల లెక్క ప్రధానసంఖ్యయై తీరవలెను.

ఇది చాలునా? చాలదు. పది ఆధారమున 11 ప్రధానసంఖ్య; కాని 111 = 3×37; 11111 = 41×271; 1111111 = 239×4649. పిమ్మట 19 ఒకట్లును, 23 ఒకట్లును గల వరుసలు ప్రధానసంఖ్యలు. అటుపైని 317 ఒకట్ల వఱకు మఱియొకటి లేదు.

రెండు ఆధారమున 11, 111, 11111, 1111111 అనగా 3, 7, 31, 127, నాలుగును ప్రధానసంఖ్యలే. అయినను పదునొకండు ఒకట్లు గల సంఖ్య 2047, అది 23×89. 1644లో మెర్సెన్ అను ఫ్రెంచి సన్న్యాసి ఇట్టి సంఖ్యల పట్టిక నొకదానిని ప్రకటించెను. అందుచే వీనికి మెర్సెన్ సంఖ్యలని పేరు. 67 ఒకట్లు గల సంఖ్యను ఆయన ప్రధానసంఖ్యలలో చేర్చెను. కాని అది 193707721ను 761838257287చేత గుణింపగా వచ్చునని 1903లో కోల్ అను అమెరికా గణితాచార్యుడు చూపెను. 2024లో ల్యూక్ డ్యూరాంట్ కనుగొనిన 13,62,79,841 ఒకట్ల వరుస, ఆ సంవత్సరము నాటికి తెలిసిన ప్రధానసంఖ్యలలోకెల్ల పెద్దది. పది ఆధారముగా వ్రాసిన దానికి 4,10,24,320 అంకెలు కావలెను. ఒక ఆధారమున ఒక్క మాటలో చెప్పదగినది, మఱియొక ఆధారమున గొప్ప గ్రంథమునకు సరిపోవుచున్నది!

కొన్ని ఆధారములలో ఈ వరుసలు బొత్తిగా వంధ్యములు. తొమ్మిది ఆధారమున ఏ ఒకట్ల వరుసయు ప్రధానసంఖ్య కాదు. ఒకట్ల లెక్క సరియైనచో, రెండేసి చొప్పున విభజింపగా ఆ సంఖ్య 11చేత, అనగా పదిచేత, భాగింపబడును. పది స్వయముగా సంయుక్తము. లెక్క బేసియైనచో, తొమ్మిది మూడునకు వర్గమగుట చేత, ఆ సంఖ్య రెండు కారణాంకములుగా చీలును: మూడు ఒకట్లు గల 111 అనగా 91 = 13×7; అయిదు ఒకట్లు గలది 7381 = 121×61. వీనిలో 13, 121 అనునవి మూడు ఆధారముగా అన్నేసి ఒకట్లు గల సంఖ్యలే. నాలుగు ఆధారమున 11 అను వ్రాత, అనగా అయిదు, ఒక్కటి మాత్రమే ప్రధానసంఖ్య. తక్కినవన్నియు ఇట్లే చీలిపోవును.

ఒకే ప్రధానసంఖ్య రెండు ఆధారములలో ఒకట్ల వరుసయగుటయు కలదు. 31 అనునది రెండు ఆధారమున 11111, అయిదు ఆధారమున 111. 8191 అనునది రెండు ఆధారమున పదుమూడు ఒకట్లు, తొంబది ఆధారమున 111. మూడు గాని అంతకంటె యెక్కువ గాని ఒకట్లతో రెండు విధముల వ్రాయదగినవి ఈ రెండు సంఖ్యలు తప్ప వేఱు లేవని 1917లో గూర్మాటిగ్ ఊహించెను. ఈ యూహ సత్యమో కాదో నేటివఱకు తేలలేదు.

వ్రాతలోని అందమును చూచి మోసపోరాదు

రెండు ఆధారమున 11, 101, 10001, 100000001 అనగా 3, 5, 17, 257. ఇందు నడిమి సున్నలు 0, 1, 3, 7 అగుచు వచ్చినవి. తరువాతి వ్రాతలో పదునైదు సున్నలు, అది 65537. ఈ యైదును ప్రధానసంఖ్యలే. ఇట్టివన్నియు ప్రధానసంఖ్యలే యని ఫెర్మా నమ్మెను. కాని తరువాతిదగు 4294967297 అను సంఖ్య 641×6700417 అని 1732లో ఆయిలర్ కనుగొనెను. అయిదు ఉదాహరణములు సరిపోయినంత మాత్రమున ఆఱవది సరిపోవునని నమ్మరాదు. ఎంతటి బుద్ధిమంతునికైనను నిరూపణమే శరణ్యము.

సంఖ్యను తలక్రిందుగా చదువుటయు ఇట్టిదే. 13ను తిరుగవేసిన 31, రెండును ప్రధానసంఖ్యలు. రెండు ఆధారమున 13 అనగా 1101, తిరుగవేసిన 1011, అనగా 11, అదియు ప్రధానసంఖ్యయే. కాని ఆఱు ఆధారమున 13 అనగా 21. తిరుగవేసిన 12, అనగా 8. ఇచ్చట నియమము తప్పినది. తిరుగవేయుటకు నిలుచు గుణము వ్రాతకు సంబంధించినది గాని సంఖ్యకు సంబంధించినది కాదు.

ఉపసంహారము

దీనినంతయు క్రోడీకరించిన మూడు విషయములు తేలుచున్నవి. ప్రధానత్వము సంఖ్యకు సహజము. ఏ ఆధారమున వ్రాసినను అది పోదు, లేనిచోట రాదు. తుది అంకె, అంకెల మొత్తము, ఆవర్తనపు పొడవు, ఒకట్ల వరుస మొదలగునవి ఆధారమును బట్టి మాఱును. ఆ మార్పులనే పాలించు నియమములు మాత్రము సకలాధారములకును సమానములు. విద్యార్థి వెదకవలసినది ఈ మూడవదానినే.

ఇది వట్టి వినోదము గాదు. నేటి కంప్యూటర్లు సంఖ్యలను రెండు ఆధారముగానే గ్రహించును. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అను మువ్వురు కనిపెట్టిన రహస్యలేఖన పద్ధతి, రెండు గొప్ప ప్రధానసంఖ్యలను గుణించుట సులభమనియు, ఆ లబ్ధమునుండి వానిని వెదకి తీయుట దుష్కరమనియు గల తారతమ్యముపై నిలిచియున్నది. ఏ ఆధారమున వ్రాసినను ఆ కష్టము తగ్గదు. వ్రాతను మార్చినంతనే సంఖ్య తన రహస్యమును విప్పి చెప్పునదైనచో, ఆ తాళము ఒక్కనాడైనను నిలువకపోవును.

అభ్యాసములు

1. 97ను ఆఱు ఆధారముగను, రెండు ఆధారముగను వ్రాయుడు.

2. 101 అను వ్రాత 2 మొదలు 14 వఱకు గల ఆధారములలో ఎచ్చటెచ్చట ప్రధానసంఖ్యను సూచించును? 2 కంటె పెద్దదగు బేసి ఆధారములలో ఎన్నడును ఏల సూచింపదు?

3. మూడు ఆధారముగా పదుమూడవ వంతును వ్రాసి, ఆవర్తనపు పొడవు 12నకు కారణాంకమగునేమో చూడుడు.

ఉత్తరములు: (1) 241, 1100001. (2) 2, 4, 6, 10, 14 అను ఆధారములలో 5, 17, 37, 101, 197 అగును. బేసి ఆధారమున అంకెల మొత్తము 2, అనగా సరి, అగుటచే ఆ సంఖ్యయు సరియే. 2 కంటె పెద్దది గనుక ప్రధానసంఖ్య కాదు. (3) 0.002002...; పొడవు 3; అది 12నకు కారణాంకమే.

ఉత్తరములను చూచుటకు ముందు చింతగింజలతోనైనను, పలకమీదనైనను లెక్కలను స్వయముగా చేసి చూచుట విద్యార్థులకు మేలు. 101 అను వ్రాత ప్రధానసంఖ్యయగు ఆధారములు అనంతముగా నున్నవా యను ప్రశ్నకు ఉత్తరమును ఇంతవఱకు లోకమున నెవ్వరును కనుగొనలేదు. ఆ ప్రశ్న యిప్పుడు మన పలకమీదికి గూడ వచ్చినది.